మూడో సూదికి తోడు రాయి

నర్మద ఆటో దిగలేదు.

వాకిట్లో లింగవ్వ ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని నిలబడి పావుగంట దాటింది. పళ్ళెంలో వెలిగించిన కర్పూరం ఎప్పుడో ఆరిపోయింది. తొలిచూలు, ఎనిమిదో నెల. పురిటికి వచ్చిన కూతురికి దిష్టి తీసి లోపలికి తీసుకుపోవాలని తల్లి ఆరాటం. నువ్వు సూది వేసుకుంటే తప్ప కాలు కింద పెట్టనని కూతురి పంతం. ఇంజను ఆపాలో ఉంచాలో డ్రైవరు రాజంకు తెలియక ఆటో మధ్యలో గుర్రుగుర్రుమంటోంది.

"దిగు బిడ్డా. మొగులు పట్టింది, వాన వచ్చేటట్టున్నది."

"మూడో సూది ఏసుకున్నవా అవ్వా?"

"ముందు దిగరాదె. కాళ్ళు కడుక్కో, రెండు బుక్కలు తిను. అన్నీ మాట్లాడుకుందం."

"ఏసుకున్నవా, లేదా?"

లింగవ్వ పళ్ళెంలోకి చూపు దించింది. అదే జవాబు.

"అట్లయితే నేను భైంసకే పోత. మా ఆయి పోస్తది పురుడు." అత్తను ఆయి అనడం నర్మదకు భైంసా కోడలయ్యాక పట్టుబడిన మాట. "డెబ్బై ఏండ్లది ఆమె. మూడూ ఏసుకున్నది. నువ్వు అరవై ఆరేండ్లదానివి, షుగర్ ఉన్నదానివి, నీకేమైంది?"

తొలి పురుడు తల్లి పోయాలి. అది అత్తవారింట్లో జరిగితే లింగవ్వ ఊళ్ళో తల ఎత్తుకు తిరగలేదు. ఆ మాట నర్మదకూ తెలుసు, తెలిసే అన్నది.

గుమ్మంలో నిలబడ్డ కోమలకు చెవులు వేడెక్కాయి. ఆమె లింగవ్వ కోడలు. అంతకంటే ముందు ఆ ఊరి ఆశ వర్కర్. గొడుగు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, పొలాల గట్ల మీద కూర్చోబెట్టి, ఊరంతటికీ కరోనా టీకాల గురించి చెప్పింది తనే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, సొంత అత్త దగ్గరే ఆమె మాట చెల్లలేదు.

అది ఒక్కటే అయితే సిగ్గుపడి ఊరుకునేది. నడుముకు దోపుకున్న ఫోనులో ఇంకో సంగతి ఉంది. పోయిన సోమవారం కాక అంతకు ముందు సోమవారం, పీహెచ్‌సీ మీటింగులో ఎవరో అన్నారు, "ఆశ ఇంట్లనే ముసలామె మిగిలింది, ఊరికి ఏం చెప్తది" అని. అందరూ నవ్వారు. ఆ సాయంత్రం, సూది పడినవాళ్ళ జాబితాలో కోమల అత్త పేరు కూడా రాసి ఇచ్చేసింది. రెండు రోజుల్లో ఎట్లాగైనా ఒప్పించి వేయిద్దామనుకుంది. రెండు రోజులు పది రోజులయ్యాయి. లింగవ్వకు మూడో డోసు పడిందని సర్టిఫికెట్ మాత్రం కోమల ఫోనులో పచ్చగా, చక్కగా కూర్చుంది.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మస్కట్‌లో ఉన్న మొగుడు రాంచందర్‌కు కూడా చెప్పుకోలేదు.

పక్కింటి హనుమండ్లు గోడ మీదినుంచి తల పెట్టాడు. "ఏందే నర్మదా, భైంస పోంగనే మీ అవ్వకే ఆర్డర్లు ఏస్తున్నవా?"

"నవ్వకు హనుమండ్లన్నా. నువ్వు ఏసుకున్నవా?"

"నాకింక వయసు రాలే. గది ముసలోళ్ళకు కద?"

"నిన్ననే చెప్తిని కదన్నా." కోమల నోటికి అలవాటైన మాటలు తన్నుకొచ్చాయి. "ముందుగాల అరవై దాటినోళ్ళకు ఇచ్చిండ్రు. నీ వయసోళ్ళు పైసలు పెట్టి ప్రైవేటుల ఏసుకోవాల్సి ఉండె. మొన్న పదిహేనో తారీఖు నుంచి పద్దెనిమిదేండ్లు నిండినోళ్ళందరికి సర్కారు దవాఖానల ఫ్రీ. రెండోది పడ్డంక తొమ్మిది నెలలు ఆగాలంటుండె, ఇప్పుడు ఆరు నెలలకే ఇస్తుండ్రు. నీకు ముందు రెండు ఏ రకం పడ్డయో మూడోది గూడ గదే ఏస్తరు."

"మరి మా చిన్నపోరికి?"

"దానికి తొమ్మిదే కద. పన్నెండు నిండాలె. మా సృజనకు పదమూడు, బడిలనే రెండు ఏసిండ్రు, నెల తేడాతోని. దాని వయసుకు మూడోది లేదు."

ఆటోలోంచి నర్మద వింటోంది. "అన్ని వయసులు చెప్పినవు వదినా. గీ పుట్టేదానికి ఎన్ని సూదులు?"

కోమల తడబడింది. "దానికి... దానికి ఇంక ఏది లేదు నర్మదా."

"ఇగ ఇను అవ్వా! దానికి లేదు. కడుపుతోనున్నోళ్ళు ఏసుకోవచ్చంటే నేను ఏసుకున్న. నాతోని దానికి కొంత కాపలా పోతదని డాక్టరమ్మ చెప్పింది. మిగిలింది చుట్టుపక్కలున్నోళ్ళే. దానికి నీళ్ళు పోసేదెవరు? పొద్దుమాపు ఒళ్ళో ఏసుకునేదెవరు? నువ్వే కద!"

"సూది ఏసుకున్నోళ్ళకు రానే రాదా?" లింగవ్వ గొంతు పెంచింది. "అదన్న చెప్పుమను మీ వదినను."

"రాదని ఎవ్వరనలే అత్తమ్మా. వచ్చినా పానం మీదికి రాకుంట ఆపుతది. నీ అసొంటి షుగరోళ్ళకు అదే ముఖ్యం."

సృజన లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. "అత్తా, నాకు రెండు పడ్డయి కద, నేను పాపను ఎత్తుకోవచ్చా?"

"నువ్వు ఎత్తుకోవచ్చు బిడ్డా."

ఆ మాట లింగవ్వకు ఎక్కడో గుచ్చుకుంది. మనుమరాలు ఎత్తుకోవచ్చు, తను ఎత్తుకోకూడదు. పళ్ళెం అరుగు మీద ఠక్కున పెట్టింది. ఎర్రనీళ్ళు తొణికి చీర కుచ్చిళ్ళ మీద పడ్డాయి.

"నేను సూదికి భయపడ్తున్ననా? రెండు ఏస్తే ఏపిచ్చుకోలేదా? నాలుగు ఏస్తమంటే ఒక్కపారే నాలుగు ఏసుమను, చెయ్యి సాపుత. మూడు మాత్రం వద్దు. మూడంటే మూడుతది!"

హనుమండ్లు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడంతో గోడ వెనక్కి దిగిపోయాడు.

లింగవ్వ మూడు లెక్క ఆ వాడలో అందరికీ తెలిసిందే. విస్తట్లో మూడు రొట్టెలు పెట్టదు, రెండు పెట్టి ఇంకో రెండు పెడుతుంది. ముగ్గురు కలిసి పనిమీద బయలుదేరితే ఒక రాయి తీసి చేతికిచ్చి, ఇదే మీ నాలుగో మనిషి అని పంపుతుంది. పెళ్ళి మాటలకు పోయినా, ఎరువుల బస్తాకు పోయినా అంతే. పోయినేడు మే నెల దాకా అది వేళాకోళం కిందే నడిచింది.

ఆమె విసవిసా లోపలికి నడిచింది. కోమల వెంట పోయింది.

దేవుని అర్రలో, కొండగట్టు అంజన్న పటం కింద, ఒక రాయి ఉంది. గుప్పిట్లో పట్టేంత నల్లరాయి. కోమల రోజూ పటం తుడిచేది గానీ ఆ రాయిని మాత్రం ముట్టుకునేది కాదు.

పోయినేడు మామ గంగయ్యకు కరోనాతో దమ్ము ఆడక, కరీంనగర్ దవాఖానకు బండి ఎక్కించినప్పుడు వెంట పోయింది అప్పుడు ఇంట్లోనే ఉన్న రాంచందర్, కోమల. లింగవ్వ జ్వరంతో తూలుకుంటూ, ఈ రాయి పట్టుకుని బండి దాకా వచ్చింది. "ముగ్గురు పోతుండ్రు, దీన్ని ఏసుకపోండ్రి" అంది. "గిప్పుడు రాయేందత్తమ్మా!" అని కోమల కసిరి తలుపు వేసింది. పన్నెండో రోజు ఇద్దరే తిరిగి వచ్చారు. నర్మద భైంసా నుంచి వచ్చేసరికి చూడటానికి తండ్రి మొఖం కూడా లేదు.

"అత్తమ్మా."

లింగవ్వ గోడ వైపు తిరిగి కూర్చుంది.

"మామకు ఒక్క సూది గూడ పడలే. వడ్లు అమ్మి కాంట అయినంక ఏసుకుంట అన్నడు. నేను గూడ గట్టిగ పట్టుకోలే. ఆయన మూడుతోని పోలే అత్తమ్మా, సున్నతోని పోయిండు."

వంటింట్లో పప్పు కుక్కరు రెండు కూతలు కూసింది. కోమల పోయి స్టవ్ ఆపి వచ్చింది. మూడో కూత రాకముందే ఆపడం ఆ ఇంట్లో కోడలికి పదిహేనేళ్ళ అలవాటు.

"నువ్వు తలుపు ఏసినవు" అంది లింగవ్వ చివరికి. అరిచి అనలేదు. అరిచినా బాగుండేది.

"ఏసిన అత్తమ్మా."

ఏడాది పైన రెండు నెలలు ఒకే పొయ్యి దగ్గర వండుకు తింటూ ఎవరూ ఎత్తని మాట అది. ఎత్తాక ఇల్లు కూలిపోలేదు. ఇద్దరూ ఊపిరి పీల్చుకుంటూనే ఉన్నారు. కోమలకు అదే ఆశ్చర్యంగా ఉంది.

బయట రాజం హారన్ కొట్టాడు. "పెద్దమ్మా! ఈమె జగిత్యాల బస్టాండుకు తిప్పు అంటుంది, ఏం చెయ్యాలె?"

లింగవ్వ గభాలున లేచింది. మోకాళ్ళ నొప్పి మరిచిపోయి వాకిట్లోకి ఉరికింది. "ఆగు, ఆగురా రాజం! ఏసుకున్ననే తల్లీ, ఏసుకున్న! నిన్ను జర ఉడికిద్దామని అట్లన్న. దిగు ఇగ."

ఆమెకు అబద్ధం ఆడటం రాదు. ఆడేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. నర్మద ఆ కొంగునే చూసింది.

"ఏసుకుంటే ఫోన్ల కాయితం వస్తది. అవ్వ నెంబర్ నీ దగ్గరనే ఉన్నది కద వదినా? చూపియ్యి."

లింగవ్వ దిక్కులు చూసింది. అట్లాంటి కాగితం ఒకటి వస్తుందని ఆమెకు తెలియదు. ఎట్లాగైనా గట్టెక్కించమని కోడలి వైపు చూసింది.

కోమల ఫోను తీసింది. చూపిస్తే చాలు. నర్మద దిగుతుంది, దిష్టి తీస్తారు, పప్పన్నం తింటారు. ఆశ ఉద్యోగం నిలుస్తుంది, ఊళ్ళో పరువు నిలుస్తుంది. అత్త తనంతట తానే ఒప్పుకుందని అందరూ మెచ్చుకుంటారు. ఒక్క వేలు కదిలిస్తే అయిపోయే పని.

వేలు కదిలింది. పచ్చటి కాగితం తెర మీదికి వచ్చింది. కోమల ఫోను నర్మద చేతికిచ్చింది.

"లింగవ్వ... మూడు పడ్డయి. పద్దెనిమిదో తారీఖు." నర్మద ముఖం ఒక్కసారిగా విప్పారింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిజంగనే ఏసుకున్నవా అవ్వా? మరి చెప్పవేందే! గింతసేపు పరేషాన్ చేసినవు నన్ను."

లింగవ్వ నోరు తెరుచుకుని కోడలిని చూస్తోంది.

నర్మద ఆటో కమ్మీ పట్టుకుని ఒక కాలు కింద పెట్టింది. వాచిన పాదం, స్లిప్పరు పట్టీ కోసుకుపోయి ఎర్రగా చార పడింది. ఆ కాలు నేల మీద ఆనడం కోమల చూసింది. తన లెక్క తప్పయితే దాని మూల్యం చెల్లించేది తను కాదు. ఇంకా పేరు కూడా పెట్టని పసిగుడ్డు.

"దిగకు నర్మదా" అంది.

"ఏంది వదినా?"

"అది అబద్ధం. అత్తమ్మకు సూది పడలే. నేను పడ్డదని పేరు రాసిచ్చిన. మీటింగుల నవ్విండ్రని... ఇయ్యాల కాకపోతే రేపు ఏపిస్త కద అనుకున్న. తప్పయింది."

రాజం ఇంజను ఆపేశాడు. నర్మద ఫోను వైపు, వదిన వైపు మార్చి మార్చి చూసింది.

"నిన్ను నమ్మిన వదినా. ఊర్ల ఎవ్వరిని నమ్మకున్నా నిన్ను నమ్మిన."

"నమ్మినవు గనుకనే చెప్పిన."

లింగవ్వ నెమ్మదిగా నడిచివచ్చి నర్మద చేతిలోని ఫోనులోకి తొంగిచూసింది. చదువు రాదు గానీ అంకెలు వచ్చు.

"గీ కాయితంల పడ్డది ఎన్నోది?"

"మూడోది అత్తమ్మా."

"నా పేరు మీదనేనా?"

"నీ పేరు మీదనే."

"పది రోజులాయె?"

"ఆయె."

లింగవ్వ తన చేతులు, కాళ్ళు ఒకసారి చూసుకుంది. "మరి నాకేం గాలే. అంటే మూడోది వచ్చింది, కాయితం మీద పడ్డది, పోయింది. ఇప్పుడు ఏసేది ఎన్నోది?"

"నాలుగోది!" అని సృజన గంతేసింది.

"దవాఖాన లెక్కల అది మూడోదే అత్తమ్మా" అంది కోమల. ఒకసారి అబద్ధమాడిన నోటికి ఇప్పుడు నిజం చెప్పకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

"నీ లెక్క నువ్వే ఉంచుకో. ఎంత సక్కటి లెక్కనో ఇప్పుడే చూసినం గద."

ముందు నవ్వింది నర్మద. ఏడుస్తూనే నవ్వింది. కడుపు పట్టుకుని, వద్దే అవ్వా నొప్పి లేస్తదని నవ్వింది. గోడ అవతల హనుమండ్లు దగ్గు నటించాడు.

కోమల అక్కడే నిలబడి పీహెచ్‌సీకి ఫోన్ చేసింది. నర్సు హెప్సిబా ఎత్తింది. కోమల ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఎంత పని చేసినవు కోమలా! అన్నీ పడ్డయని చూపెడ్తుంటే నేను సూది ఎట్ల ఇయ్యాలె? డాక్టరమ్మ కొట్టేసి రాయాలె. ఎవరు రాసిచ్చిండ్రని అడుగుతది. మాట నీ మీదికి వస్తది, పని గూడ పోవచ్చు."

"వస్తున్న సిస్టర్. నేనే అని చెప్త."

"సాయంత్రం నాలుగింటి దాకనే ఉంటం. ఉరికి రాండ్రి."

ఆగడానికి వీల్లేదు. సూది పడ్డాక పనిచేయడానికి పది పదిహేను రోజులు పడుతుంది, నర్మదకు నెల రోజులే ఉంది. "నేను గూడ వస్త. నా కండ్లతోని చూస్తెగాని దిగ" అని నర్మద సీటులో లోపలికి జరిగింది. సృజనకు ఇల్లు అప్పజెప్పారు. లింగవ్వ ఆటోలో ఒక కాలు పెట్టి ఆగిపోయింది.

"ఎందరం?"

నర్మద, కోమల, తను.

"నేను లేనా పెద్దమ్మా?" అన్నాడు రాజం.

"బండి నడిపేటోడు లెక్కల రాడు."

"నేను మనిషిని గానా?"

"నాలుగోది గిక్కడున్నది" అని నర్మద కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"ఉష్! పుట్టకముందే లెక్కపెడ్తరా ఎవరన్న? దిష్టి తాకుతది."

కోమల మాట్లాడకుండా ఇంట్లోకి పోయింది. అంజన్న పటం కింది నల్లరాయిని పద్నాలుగు నెలల తర్వాత మొదటిసారి ముట్టుకుంది. చల్లగా ఉంది. కొంగుతో తుడిచి, తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

లింగవ్వ రాయిని చూసింది, కోడలిని చూసింది. ఆటో ఎక్కి కూర్చుని, పక్కకు జరిగి చోటిచ్చింది. ఈసారి ఆటో తలుపు గొలుసు పెట్టింది లింగవ్వే.

దారిలో ఒక్కసారే నోరు విప్పింది. "అక్కడ నువ్వేం మాట్లాడకు."

"నేను చెప్పాలె అత్తమ్మా."

"మాట్లాడకంటి."

పీహెచ్‌సీ చేరేసరికి మూడున్నర దాటింది. హెప్సిబా వాళ్ళను నేరుగా డాక్టరమ్మ గదిలోకి తీసుకుపోయింది. డాక్టరమ్మ కంప్యూటర్ చూసి, లింగవ్వను చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కొత్తగా వచ్చిన మనిషి, మాటతీరు ఈ వైపుది కాదు.

"ఇందులో పద్దెనిమిదో తేదీన వేసినట్టుంది. మీరేమో వేయలేదంటున్నారు. వేయకుండా ఎవరు రాశారు?"

కోమల నోరు తెరిచింది. బల్ల కింద లింగవ్వ మడమ ఆమె కాలి వేళ్ళ మీద బలంగా పడింది.

"చెప్తనమ్మా, అన్నీ చెప్త." లింగవ్వ రవిక చెయ్యి భుజం దాకా పైకి లాక్కుంది. ఒళ్ళోని నల్లరాయిని తీసి, తెరిచి ఉన్న రిజిస్టరు మీద, హెప్సిబా వేలు పెట్టి చూపిన తన పేరు దగ్గర, బరువుగా పెట్టింది.

"ముందు నా సూది నాకు ఏయి. ఎవరు రాసిండ్రో తర్వాత మాట్లాడుకుందం."